బట్టల తరుగు

పోయిన నెల మా డయాలసిస్ సెంటర్‌కు కొత్త తూకం మిషన్ వచ్చింది. దాన్ని సరిచూసే పని నాది. ఐదు కిలోల బాట్లు రెండు పెట్టి చూశాను, పది కిలోల బాటు ఒకటి పెట్టి చూశాను, చివరికి నేనే ఎక్కి నిలబడ్డాను. బూట్లు విప్పలేదు. అంకె చూసి, ఆలోచించకుండానే, అందులోంచి ఒకటి పాయింట్ ఎనిమిది తీసేశాను. ఆ లెక్క నాది కాదు. ఒకే ఒక్క మనిషిది. ఆయన పోయి ఏడు నెలలయింది.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో పన్నెండు మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. మనుషులు నాకు ముందు అంకెలుగానే కనిపిస్తారు: వచ్చినప్పటి బరువు, పోయేటప్పటి బరువు, పై బీపీ, కింది బీపీ. ఆయన మాత్రం మొదటిసారి బట్టలుగా కనిపించాడు. బూడిదరంగు కోటు, లోపల తెల్లచొక్కా, ముఖం కనబడేలా పాలిష్ చేసిన నల్లబూట్లు. బయట బెంచీ మీద కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. ఎవరో పెద్ద డాక్టరనుకున్నారు. మా సిస్టర్ కూడా ఎదురెళ్లింది.

"ఎవరి కోసమొచ్చిన్రు సార్?"

"నా కోసమే బిడ్డా. నాలుగో నంబర్ బెడ్డు నాదేనట."

హన్మకొండ చౌరస్తా దగ్గర ముప్పై ఏళ్లు టైలర్ మాస్టర్‌గా కటింగ్ చేసిన మనిషి. అది మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసింది ఆయన బూట్లు విప్పడని.

తూకం గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కిడ్నీలు పనిచెయ్యని వాళ్ల ఒంట్లో తాగిన నీళ్లు తాగినట్టే ఉండిపోతాయి. రోజు విడిచి రోజు మా మిషన్ వాటిని బయటికి తీస్తుంది. ఎన్ని తియ్యాలో చెప్పేది ముఖ్యంగా తూకమే. తక్కువ తీస్తే ఆయాసం. ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది, కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకే అందరితో బూట్లు విప్పిస్తాం, జేబులు ఖాళీ చేయిస్తాం.

"సాక్సుల మీద నిలబెట్టి జోకుతవా? నేనేమన్న పత్తి బస్తానా?" అన్నాడు ఆయన.

"బస్తానే నయం పెద్దబాపు, అది ఎదురు మాట్లాడది," అంది సిస్టర్.

"బస్తాకు మార్కెట్ల తరుగు తీస్తరు గద. నాగ్గూడ తియ్యి."

ఎనుమాముల మార్కెట్లో పత్తి తూచినప్పుడు బస్తా కోసం కొంత బరువు తీసేసి రాస్తారు. దాన్ని తరుగంటారు. మాట నవ్వులాటదే కానీ పద్ధతి తప్పు కాదనిపించింది. స్టోర్‌రూంలోకి తీసుకెళ్లి తలుపేసి, ఒక్కొక్కటీ విప్పించి చిన్నకాటా మీద పెట్టాను. బూట్లు ఏడువందల అరవై గ్రాములు. కోటు ఆరువందల ఇరవై. బెల్టు నూట ఎనభై. ఫోను, తాళాలు, పర్సు కలిపి రెండువందల నలభై. మొత్తం ఒకటి పాయింట్ ఎనిమిది కిలోలు. అప్పటి నుంచి ఆయన దర్జాగా మిషనెక్కేవాడు, నేను తరుగు తీసి మిగిలిందే షీటులో రాసేవాణ్ని. ఈ పద్ధతి ఎక్కడా కాగితం మీద లేదు. నాకూ సిస్టర్‌కూ తెలుసు, చాలనుకున్నాం.

కోటు వట్టి షోకు కాదు. ఏసీ హాల్లో నాలుగు గంటలు రక్తం బయట తిరిగొస్తుంటే చలేస్తుంది. మిగతావాళ్లు దుప్పట్లు తెచ్చుకుంటారు. "దుప్పటి కప్పుకుంటే పేషెంట్ లెక్క కనబడ్త," అనేవాడు. ఆయనకు ఒక సూత్రం ఉండేది: పెండ్లికి పోతే మంచి బట్టలు, దవాఖానకు పోతే ఇంకా మంచి బట్టలు. "మనల్ని జూసి రోగమే జర సిగ్గుపడాలె తమ్మీ."

సూదులు గుచ్చేది ఎడమచేతికి. ప్రతిసారీ చొక్కా చెయ్యి పైకి మడిస్తే ముడతలు పడుతున్నాయని, రెండో వారానికల్లా ఆయన ఎడమచేతి కుట్టు లోపలివైపు మోచేతి దాకా విప్పి ప్రెస్ బటన్లు పెట్టుకొచ్చాడు. టప టప నాలుగు గుండీలు, చెయ్యి బయట. అయిపోయాక మళ్లీ టప టప. బయటికి కుట్టు కూడా కనబడదు. నెల తిరిగేసరికి మా షిఫ్టులో ఆరుగురికి అలాంటి చేతులే. తొర్రూరు నుంచి వచ్చే ఒక ముసలామె జాకెట్‌కు కూడా చేసిచ్చాడు. ఎవరి చొక్కా చూసినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూసేవాడు. నా యూనిఫాం నలిపి, "ఇది కాటనని చెప్పి ఇచ్చిండా నీకు?" అన్నాడు. నా ఎడమభుజం కుడిదానికంటే అరంగుళం కిందికుందని కూడా చెప్పాడు. ఇంటికెళ్లి టేపు పెట్టి చూసుకున్నాను. అరంగుళమే.

కాకా అని పిలిస్తే ఒప్పుకోలేదు. అంకుల్ అంటే అసలు పలకలేదు. "వయసు గుర్తుచెయ్యకు, అన్నా అను," అన్నాడు. నాకు ఇరవై ఏడు, ఆయనకు అరవై ఒకటి. అన్న అయ్యాడు కాబట్టి ఆయన భార్య నాకు వదినయింది. రెండు గంటల ప్రాంతంలో ఆమె స్టీలు డబ్బాలో ఇడ్లీ తెచ్చి తినిపించేది. "నా చిన్నకొడుకు కన్న చిన్నోడు, వీనికి నేను వదిననా?" అని నవ్వేది. ఆమెకు ఆయన మీద ఒకే ఒక్క ఫిర్యాదు: దొంగతనంగా నీళ్లు తాగుతాడని. రోజుకు ముప్పావు లీటరు లెక్క. ఆమె పొద్దున్నే సీసాలో కొలిచి పోసేది. నల్లా దగ్గర ఆయన ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే చాలు, పంచాయితీ.

ఒక సోమవారం మిషన్ మీదుండగా ఆయన అడిగాడు.

"తమ్మీ, నేను సముద్రం జూడలే. పోవచ్చా?"

ముప్పై ఏళ్లలో దుకాణం మూసి ఎక్కడికీ పోలేదట. ఊరంతా సెలవు తీసుకునే దసరా, రంజాన్, క్రిస్మస్, పెండ్లిళ్ల కాలం, అన్నీ టైలర్‌కు పని రోజులే. "అందరి సెలవులకు బట్టలు కుట్టిన. ఇగ నా సెలవుకు కుట్టుకుంట," అన్నాడు. డాక్టర్‌గారిని అడిగితే, మధ్యలో అక్కడ ఒకసారి డయాలసిస్ చేయించుకుంటే ఏ ఇబ్బందీ లేదన్నారు. ఉత్తరం నన్ను తయారు చెయ్యమన్నారు, సంతకం పెడతానన్నారు.

ఇలాంటి పని నాకిష్టం. విశాఖపట్నంలో ఒక సెంటర్‌కు ఫోన్ చేసి బుధవారం స్లాట్ తీసుకున్నాను. సోమవారం ఇక్కడ డయాలసిస్ అయ్యాక రైలు. మంగళవారం వదిన మొక్కు కోసం కొండమీద గుడి. బుధవారం అక్కడి సెంటర్‌లో డయాలసిస్. గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సముద్రం, తర్వాత రైలు. శుక్రవారం మళ్లీ నా దగ్గర. సముద్రాన్ని గురువారం పెట్టింది నేనే. డయాలసిస్ అయిన మర్నాడు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, నాలుగడుగులు ఎక్కువ నడవగలడని. పదిహేడు అంశాలతో ఉత్తరం రాశాను. రక్తపరీక్షలు, మందులు, సూది సైజు, ఏ చెయ్యి, మిషన్ ఎంత వేగంతో తిప్పాలి, అదనపు నీరు లేనప్పుడు ఆయన బరువు యాభై ఎనిమిదిన్నర. ఇంకో కాగితం మీద ఆయనకు జాగ్రత్తలు రాసిచ్చాను. నీళ్లు ముప్పావు లీటరు దాటొద్దు, కొబ్బరిబొండం వద్దు, ఉప్పుచేప వద్దు, పచ్చడి వద్దు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "నీళ్లొద్దు, ఉప్పొద్దు. సముద్రమంటేనే నీళ్లు, ఉప్పు గదరా తమ్మీ. పోయి ఏం జెయ్యాలె?"

"చూడాలె అన్నా."

"చూస్త. మంచిగ తయారై చూస్త."

ఆ మూడు వారాలు నాలుగో నంబర్ బెడ్డు దగ్గర వేరే మాట లేదు. లేతపసుపు లినెన్ చొక్కా, తెల్లప్యాంటు. ఆ ప్యాంటు తెచ్చి చూపించాడు. మోకాలి కింద లోపల ఒక పట్టీ, బయట ఒక గుండీ. అంచు మడిచి పట్టీ లాగి గుండీ పెడితే, నీళ్లలో ఎంతసేపు నిలబడ్డా జారదు. వదిన జాకెట్ కూడా ఆ పసుపు గుడ్డతోనే. "ముసలితనంల మ్యాచింగ్ ఏందని మా అక్క నవ్వుతాంది," అంది ఆమె. నవ్వుతూనే చెప్పింది.

విశాఖపట్నం నుంచి తిరిగొచ్చిన శుక్రవారం ఆయన కోటు లేకుండా వచ్చాడు. ఒక చెయ్యి వదిన భుజం మీద ఉంది.

బుధవారం అక్కడ డయాలసిస్ మూడో గంటలో కాళ్లు పట్టేశాయట. తర్వాత కళ్లు బైర్లు కమ్మి బీపీ ఎనభైకి పడిపోయింది. సెలైన్ పెట్టారు, సాయంత్రం దాకా ఉంచుకుని పంపారు. గురువారమంతా లాడ్జిలో మంచం దిగలేదు. రైలుకు పోతుంటే ఆటోలోంచి రోడ్డు చివర ఒక నీలం గీత కనిపించిందట.

"అదేనట సముద్రం," అన్నాడు. "ప్యాంటు మడత గూడ ఇప్పలే."

"నీళ్లు తాగిండు మర్ది," అంది వదిన. "గుడికాడ క్యూల నా కండ్లు గప్పి తాగిండు. బరువు బాగ వచ్చిందని ఆ డాక్టరమ్మ గూడ అన్నది."

ఆయన గోడవైపు తిరిగాడు.

వాళ్లు తెచ్చిన షీటు తీసుకుని చూశాను. వచ్చినప్పటి బరువు అరవై రెండున్నర. తియ్యాల్సింది నాలుగు లీటర్లు. లెక్క నాకు వెంటనే తెలిసిపోయింది. అరవై రెండున్నరలోంచి ఒకటి పాయింట్ ఎనిమిది తీస్తే అరవై పాయింట్ ఏడు. ఒంట్లో ఉన్న అదనపు నీళ్లు రెండు లీటర్ల పైచిల్లర, అంతే. తిండిలోని నీళ్లు కూడా కలుపుకుంటే, నేను రాసిచ్చిన లెక్కకు చుక్క కూడా ఎక్కువ కాదు. వాళ్లు ఆయన్ను కోటుతో, బూట్లతో తూచి, నా ఉత్తరంలోని బరువు దాకా నీళ్లు లాగారు. వాళ్ల తప్పేం లేదు. ఉత్తరంలో పదిహేడు అంశాలున్నాయి. తరుగు లేదు.

ఆ రోజు చెప్పలేదు. మూడో షిఫ్టుకు ఒక మిషన్ మొరాయించింది, తీరిక లేదు, అని నాకు నేను చెప్పుకున్నాను. సోమవారం కూడా చెప్పలేదు. అలా రెండు వారాలు. ఆ రెండు వారాలూ వదిన సీసా ఆయన చేతికివ్వకుండా తన సంచిలోనే పెట్టుకుంది. అడిగినప్పుడు రెండు గుక్కలు పోసేది. ఆయన చిన్నపిల్లాడిలా దోసిలి పట్టేవాడు. ఒకరోజు నోరు తడుపుకుంటానంటే, "సముద్రం తాగొచ్చినవ్ గద, సాల్లేదా?" అంది. పక్క బెడ్డాయన నవ్వాడు. నాలుగో నంబర్ బెడ్డు నవ్వలేదు.

ఆ రోజే చెప్పాను. వదిన ఇడ్లీ డబ్బా మూత తీస్తుండగా, ఇద్దరి ముందూ. షీటు చూపించి, కోటు, బూట్లు, లెక్కంతా చెప్పాను. తప్పు నాదన్నాను.

ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మిషన్‌కు కట్టేసి లేని చేత్తో మంచం అంచు పట్టుకుని లేవబోయాడు.

"అంటే నేను నీళ్లు ఎక్కువ తాగలే?"

"తాగలేదు అన్నా. సరిగ్గా తాగినవ్."

"విన్నవా?" అన్నాడు భార్యతో. "విన్నవా? ఆ మిషన్ మీద నాలుగు లీటర్లని జూసి నాకే అనుమానమొచ్చింది. యాడన్న మర్చిపోయి తాగిన్నా అని రెండు వారాలసంది యాది జేసుకుంటనే ఉన్న. తాగలే. నేను తాగలే!"

వదిన చేతిలోని ఇడ్లీ ముక్క డబ్బాలో పెట్టేసింది. తర్వాత సంచిలోంచి సీసా తీసి ఆయన పక్కన పెట్టింది. నన్ను ఆయన ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. "మల్లొక ఉత్తరం రాయి తమ్మీ. ఈసారి తరుగు గూడ రాయి. పద్దెనిమిదో పాయింట్," అన్నాడు.

రాస్తానన్నాను.

రాయలేదు. హిమోగ్లోబిన్ కొంచెం పెరగనియ్యి అన్నాను. పెరిగాక, ఎండలు ముదిరినయ్, తగ్గనియ్యి అన్నాను. వానలు మొదలయ్యాక, ఆ సెంటర్‌లో స్లాట్ దొరకడం లేదన్నాను. అసలు ఫోనే చెయ్యలేదు. డాక్టర్‌గారు ఒకసారి, "మీ మాస్టర్ ఉత్తరం ఏమైంది?" అని అడిగారు కూడా. రాస్తున్నాను సార్ అన్నాను. కంప్యూటర్లో పాత ఉత్తరం తెరిచి, పద్దెనిమిది అని అంకె వేసి, మూసేసేవాణ్ని. పద్దెనిమిదోది రాస్తే పంతొమ్మిదోది ఏదో మిగిలే ఉంటుందనిపించేది. నా కళ్లముందు, నా మిషన్ మీద, నా లెక్కలో ఉన్నంతకాలం ఆయనకేం కాదనిపించేది. అలసట కూడా ఉంది. రోజుకు ముప్పై ఆరు మంది. ఎవరికీ ఏమీ కాకుండా రోజు గడిస్తే చాలనిపించే అలసట.

ఆయన శుక్రవారాలు అడిగేవాడు. పోయేముందు ప్రెస్ బటన్లు పెట్టుకుంటూ, తలెత్తకుండా. "ఏమాయె తమ్మీ?" అంతే. నాలుగైదు శుక్రవారాలు అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు. నాకు తేలికగా అనిపించింది. సిగ్గుగా ఉన్నా అది నిజం కాబట్టి రాస్తున్నాను.

ఆయన ఒక ఆదివారం పొద్దున పోయాడు. ఇంట్లో, కుర్చీలో. గుండె ఆగిందన్నారు. సోమవారం నాలుగో నంబర్ బెడ్డు ఖాళీగా ఉంది. బుధవారం నుంచి వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరు.

పదకొండొద్దులు అయ్యాక వదిన వచ్చింది. ఏదో ఆఫీసులో ఇవ్వడానికి ఆయన చికిత్స కాగితాలు కావాలంది. ఫైలు తీసి, ఏవి అసలువో ఏవి నకళ్లో విడదీసి వరసగా పెట్టి ఇచ్చాను. ఆమె వాటిని చూడలేదు.

"మర్దీ, ఒకటడుగుత. నిజం జెప్పు."

"అడుగు వదినా."

"మల్ల పోతనంటే నేనే వద్దన్న. నువ్వు పొయ్యేదుంటే నేను రాను, ఒక్కనివే పో అన్న. నాకు భయమైంది. పరాయి ఊర్ల, లాడ్జిల, ఆ మనిషి చేతులు సల్లబడుతాంటే ఒక్కదాన్నే కూసున్న గద అప్పుడు. నేనట్లన్న కాణ్నించి ఇగ నిన్ను గూడ అడుగుడు బంద్ చేసిండట. ఇప్పుడు రోజూ అదే యాదికొస్తాంది." సంచి ఒళ్లోకి లాక్కుంది. "నేను వద్దనకపోతే పొయ్యొచ్చేటోడేనా? ఏమన్న అయ్యేదా?"

ప్రమాదమే ఉండేది వదినా, నువ్వు ఆపి మంచిపని చేశావు. ఈ మాట నా నోటి దాకా వచ్చింది. ఆమెకు ఊరటగా ఉండేది. నాక్కూడా.

"ఏం కాకపోయేది," అన్నాను. "కానీ ఆగింది నీవల్ల కాదు. డాక్టర్ సారు ఎప్పుడో సరేనన్నరు. ఉత్తరం నేనే రాయలె. స్లాట్ దొరకలేదని అబద్ధం చెప్పిన. నాకూ భయమైంది."

లోపల హాల్లో ఏదో మిషన్ అలారం కొట్టడం మొదలుపెట్టింది. నేను కదలలేదు.

"అయితే ఇద్దరం గలిసే ఆపినమన్నట్టు," అంది వదిన.

కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"పో మర్దీ. నీ మిషన్ మొత్తుకుంటాంది. లోపలోళ్లను జూస్కో."